మీ గదిలో ఎంతమందో ముందు చెప్పండి

(కోనసీమలో, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే ఒక స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో, రిటైరైన ఒక ప్రాథమిక పాఠశాల టీచర్ మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారమండి. ఇందాక పరిచయం చేస్తూ నన్ను ఆదర్శ ఉపాధ్యాయురాలు అన్నారు. ఆ మాట కాస్త పక్కన పెట్టేయండి. ఆదర్శం అనేసరికి వినేవాళ్లలో సగం మందికి నిద్ర వస్తుంది, మిగతా సగం ఫోన్లు తీస్తారు. (నవ్వులు) నేను పనిచేసింది ఎక్కువగా గోదావరి పాయల మధ్యనుండే లంక ఊళ్లలో. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, అందులో ఒకరు ట్రైనింగుకో సెలవుకో వెళ్తే మిగిలినవాళ్లే హెచ్‌ఎం, వాళ్లే టీచరు, గంట కొట్టేదీ వాళ్లే. అలాంటి బడిలోంచి వచ్చిన మాటలు చెబుతాను. మీ బడి వేరైతే ఇవి మీకు సగమే పనికొస్తాయి, ఆ సగం ఏదో మీరే తేల్చుకోవాలి.

అసలు నేను చెప్పదలుచుకున్నదే అది. మనం ఒకరికొకరం సలహాలు చాలా ఇచ్చుకుంటాం. "గ్రూపులు చేసి కూర్చోబెట్టండి మేడమ్, బ్రహ్మాండంగా ఉంటుంది" అంటారు ఒకాయన. ఆయన తరగతిలో పద్నాలుగు మంది. వింటున్న మేడమ్ తరగతిలో నలభై ఎనిమిది మంది, బెంచీలు జరపడానికి చోటే లేదు, పక్క గదికి గోడ లేదు, అటు హిందీ మాస్టారు పాఠం చెబుతుంటే ఇటు వినపడుతుంది. ఆ సలహా పట్టుకెళ్లి రెండు రోజులు చేసి, కుదరక, నాలోనే ఏదో లోపం ఉందనుకుని ఆవిడ ఊరుకుంటుంది. మళ్లీ ఎవర్నీ అడగదు. కాబట్టి సలహా చెప్పేవాళ్లు ముందు తమ గది సంగతి చెప్పాలి. ఎంతమంది, ఎన్ని తరగతులు, ఏ పీరియడు, ఎంతమందికి చదవడం వచ్చు. అడిగేవాళ్లు కూడా "పిల్లలు వినట్లేదండి, ఏం చెయ్యమంటారు" అని అడిగితే ఎవరేం చెబుతారు? "మూడో తరగతి, మధ్యాహ్నం మొదటి పీరియడు, వెనక వరసలో నలుగురు" అని అడగండి, అప్పుడు చెప్పడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

సరే, పనిలోకి వద్దాం. మనందరం రోజుకి ఎన్నిసార్లు అంటామో లెక్కలేని మాట ఒకటుంది. "అర్థమైందా?" తరగతి మొత్తం ఒకే గొంతుతో "అయిందండీ!" అని. (నవ్వులు) ఆ అరుపులో అర్థమైనవాడూ ఉంటాడు, కానివాడూ ఉంటాడు, కానివాడే ఇంకాస్త గట్టిగా అరుస్తాడు, ఎందుకంటే అరవకపోతే మనం వాడినే లేపుతామని వాడికి తెలుసు. ఆ ప్రశ్న మానేయండి. దానికి బదులు పలకలు తీయించండి. ప్రశ్న అడిగి, అందరూ పలక మీద జవాబు రాసి, చూపించు అనగానే ఒకేసారి పైకెత్తాలి. ముప్పై పలకలు ఒక్క చూపులో కనిపిస్తాయి, ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో, ఎవరు పక్కవాడి పలకలోకి తొంగి చూసి తుడుచుకున్నారో కూడా. ట్యాబులొచ్చాయి, స్మార్ట్ టీవీలొచ్చాయి, మంచిదే, నేను వాటికి వ్యతిరేకం కాదు. కానీ కరెంటు అక్కర్లేని, నెట్ అక్కర్లేని, ఒక్క క్షణంలో తరగతి మొత్తాన్ని చూపించే వస్తువు మాత్రం ఇప్పటికీ పలకే.

నోటితో అడిగేటప్పుడైతే, అడిగాక కాస్త ఆగండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో తరగతి గదుల్లో రికార్డు చేసి చూస్తే టీచర్లు ప్రశ్న అడిగాక సుమారు ఒక్క సెకను ఆగుతున్నారట. ఆ తర్వాత తామే జవాబు చెప్పేయడమో, ఇంకొకర్ని లేపడమో. మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు కూడా మాట్లాడారు. మూడు సెకన్లంటే ఏముందిలే అనిపిస్తుంది కానీ, నలభై మంది కళ్లు మనవైపు చూస్తుంటే అది చాలా పొడుగు. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు లెక్కల దగ్గరకి వస్తాను, ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఉంటాను, ఏమీ అనుకోకండి. బోర్డు మీద రాస్తున్నాను చూడండి. 402 లోంచి 178 తీసేయాలి. జవాబు 224. పిల్లలు మామూలుగా రాసే తప్పులు మూడు. ఒకడు 376 అని రాస్తాడు, ఇంకొకడు 234, మరొకడు 274. మనం ఏం చేస్తాం? మూడింటికీ ఎర్ర పెన్నుతో ఒకటే ఇంటూ పెట్టి "సరిచేసుకుని రా" అంటాం. 376 రాసినవాడు చేసిందేమిటంటే ప్రతి గడిలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీశాడు. ఎనిమిదిలోంచి రెండు తీస్తే ఆరు, ఏడులోంచి సున్నా తీస్తే ఏడు, నాలుగులోంచి ఒకటి తీస్తే మూడు. వాడికి అప్పు తీసుకోవడం అనే పని ఉందనే తెలీదు. 234 వాడికి అప్పు బాగానే వచ్చు, నాలుగులోంచి వంద తెచ్చి సున్నాని పది చేశాడు, ఆ పదిలోంచి ఒకటి పక్కకిచ్చాడు, ఇచ్చాక అక్కడ తొమ్మిదే మిగిలిందని మర్చిపోయి పదిలోంచి ఏడు తీశాడు. 274 వాడు మధ్యలో సున్నా ఉంది కదా, దానిదగ్గర ఏముంటుందిలే అని దాన్ని దాటేసి, నాలుగుని అడిగి నేరుగా ఒకట్ల గడిలోకి తెచ్చేసుకున్నాడు, తర్వాత సున్నాలోంచి ఏడు తీయమంటే ఏడే రాసేశాడు.

చూశారా, ముగ్గురికీ మార్కు సున్నాయే, కానీ ముగ్గురికీ చెప్పాల్సింది వేరు. 376 వాడిని కూర్చోబెట్టి వందనోటు, పదినోట్లు, రూపాయి బిళ్లలతో మార్పించాలి, కాయితం మీద బొమ్మ నోట్లు గీసుకున్నా చాలు. 234 వాడికి అదంతా మళ్లీ చెబితే విసుగొస్తుంది, సున్నాని కొట్టేసి పైన పది రాశాక, ఆ పదిని కూడా కొట్టేసి తొమ్మిది వేయడం ఒక్కటి అలవాటు చేస్తే అయిపోయింది. నేను ఇక్కడున్న కొత్త టీచర్లకి చెప్పేది ఇదే. తప్పు జవాబు చూడగానే దాన్ని దిద్దకండి. "ఇది ఎలా చేశావో చెప్పమ్మా" అని అడగండి. కోపంగా అడగకూడదు, కోపంగా అడిగితే వాడు వెంటనే రబ్బరు తీసి తుడిచేస్తాడు, మనకి కావాల్సిన ఆధారం కాస్తా పోతుంది.

మన వాట్సాప్ గ్రూపులు చూస్తున్నాను కదా. పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయం, ఆ తర్వాత ఏదో ఫార్మాట్ సాయంత్రంలోపు నింపి పంపమని, మధ్యాహ్నం ఎన్ని గుడ్లు ఖర్చయ్యాయో లెక్క. వాటి మధ్యలో వారానికి ఒక్కసారి, పేరు కనపడకుండా ఒక పిల్లాడి లెక్క ఫొటో పెట్టి "వీడు ఇలా ఎందుకు చేశాడంటారు?" అని అడగండి. ఎవరూ పాఠ్యప్రణాళిక గురించి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఒక్క లెక్క మీద నలుగురు టీచర్లు బుర్ర పెడితే, పెద్ద పెద్ద ట్రైనింగు మాడ్యూళ్లలో దొరకనిది దొరుకుతుంది.

దశాంశాలు చాలామందికి తలనొప్పి. 9.5 పెద్దదా, 9.45 పెద్దదా అంటే 9.45 అంటారు, నలభై ఐదు ఐదుకంటే పెద్దది కదా అని. మామూలుగా మనం గడులు గీసి రంగులు వేయిస్తాం. మన గోదావరి పిల్లలకైతే ఇంకో దారి ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. జూలై, ఆగస్టుల్లో లంకల్లో ఏ ఇంటికెళ్లినా ఈ అంకెలు నోటి మీదే ఉంటాయి. పేపర్లో వచ్చిన నీటిమట్టం రోజూ బోర్డు మీద ఒక మూల రాయించండి. నిన్న 12.4, ఇవాళ 12.35 అని రాసి, నీళ్లు పెరిగాయా తగ్గాయా అని అడగండి. పెరిగాయనేవాళ్లు కొందరుంటారు, అప్పుడు పక్కనున్న పిల్లే తగువేసుకుంటుంది, ఎందుకంటే తగ్గిందని ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకోవడం విని వచ్చి ఉంటుంది. అక్కడ మనం చెప్పాల్సింది 12.4 ని 12.40 అని రాసి చూపించడమే. ఇంకా రెండో హెచ్చరికకి ఎంత దూరంలో ఉన్నాం, ఆ హెచ్చరిక అంకెల చివరున్న 0.75 అడుగంటే ఎన్ని అంగుళాలు, తొమ్మిది, స్కేలుతో కొలిచి గోడ మీద గీత పెట్టండి. బ్యారేజీ నుంచి వదిలే నీళ్ల లెక్క క్యూసెక్కుల్లో చెబుతారు, అవి లక్షల్లో వస్తాయి, పది లక్షలకి సున్నాలెన్నో అదే పాఠంలో అయిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. 2022 జూలైలో వచ్చినట్టు మూడో హెచ్చరిక కూడా దాటి ఊళ్లోకి నీళ్లొచ్చే రోజుల్లో ఇది చేయకండి. ఇల్లు మునుగుతుందని భయంతో ఉన్న పిల్లకి అది లెక్క కాదు. వరద తీశాక, బడి తెరిచాక చేయండి. అన్నట్టు ఇదే సలహా పట్టుకుని రాయలసీమలో ఎవరైనా చేస్తామంటే నేను వద్దంటాను, వాళ్లకి వేరే అంకెలు ఉంటాయి.

వరద తర్వాత బడి అంటే గుర్తొచ్చింది. మొదటి రోజు పాఠం మొదలుపెట్టకండి, ముందు ఎవరి పుస్తకాలు తడిశాయో చూడండి, కాంప్లెక్స్‌లో ఎక్కువున్న సెట్లు ఎక్కడున్నాయో ముందే రాసిపెట్టుకుంటే పంపించుకోవచ్చు. పునరావాస కేంద్రంగా మన బడినే వాడి ఉంటారు, గదులు శుభ్రం అయ్యేదాకా చెట్టు కింద కథలు చెప్పుకుంటూ గడిపినా తప్పులేదు. రెండు రోజులు పోతే సిలబస్ ఏమీ కూలిపోదు.

చదవడం గురించి. రెండో తరగతి పిల్లాడు పాఠం గడగడా చదివేస్తుంటాడు, మనకి ఎంతో సంతోషం. వాడి వేలు ఎక్కడుందో చూడండి. నోరు నాలుగో లైనులో ఉంటుంది, వేలు రెండో లైనులో ఉంటుంది. (నవ్వులు) అది చదవడం కాదు, పాట. వినీ వినీ నోటికొచ్చేసింది. కింద లైను నుంచి పైకి చదవమనండి, లేకపోతే మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటని అడగండి, బయటపడిపోతుంది. అప్పుడు "ఇన్నాళ్లూ నన్ను మోసం చేశావా" అనకండి, వాడు మోసం చేయలేదు, మనం పాడమంటే పాడాడు. మ, య దగ్గర తడబడేవాళ్లు, ప, వ కలిపేసేవాళ్లు, ఒత్తులు చూడగానే దాటేసేవాళ్లు, వీళ్లందరినీ ఒకే గుంపులో వేసి గుణింతాలు మొదటి నుంచి చదివించడం వృథా. ఎవరు ఏ అక్షరం దగ్గర ఆగుతున్నారో ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇది ఆఫీసుకి చూపించే రిజిస్టర్ కాదు, దయచేసి దీన్ని కూడా ఫార్మాట్ చేయకండి. చదవడానికి పుస్తకమే అక్కర్లేదు, బిస్కట్ ప్యాకెట్ కాయితం, బస్సు బోర్డు, రేషను కొట్టు మీద రాసింది, పెళ్లి శుభలేఖ, పాత పేపరు, ఏదైనా పనికొస్తుంది. నోటికొచ్చినది కాకుండా కొత్తది కావాలంతే.

మన ప్రాంతంలో ఇంకో సంగతి అందరికీ తెలిసిందే, ఎవరూ మైకులో చెప్పరు. తరగతిలో కొంతమంది తల్లులు కువైట్‌లోనో మస్కట్‌లోనో పని చేస్తుంటారు. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటుంది. పేరెంట్స్ మీటింగుకి ఆ ముసలావిడ వస్తే మనం "ఇంటి దగ్గర కాస్త చదివించండమ్మా" అంటాం. ఆవిడ "నాకు అక్షరం ముక్క రాదు తల్లీ, నేనేం చెప్పను" అని సిగ్గుపడి వెళ్లిపోతుంది, మళ్లీసారి రాదు. ఆవిడని చెప్పమని అడగకూడదు, వినమని అడగాలి. "రాత్రి అన్నం అయ్యాక మీ మనవరాలు మీకు ఒక కథ చదివి వినిపిస్తుంది, మీరు వినండి చాలు, ఆగిపోతే ఎక్కడ ఆగిందో నాకు చెప్పండి." దానికి అక్షరాలు రానక్కర్లేదు, చెవులుంటే చాలు. తల్లికి సెలవు దొరికితే అక్కడ అది ఎక్కువగా శుక్రవారం, వీడియో కాల్లో "తిన్నావా, పడుకున్నావా" అయ్యాక పిల్ల ఒక పేజీ చదివి వినిపించవచ్చు. మీరు ఆ వారం ఏ పేజీయో చెప్పి పంపితే సరిపోతుంది. ఆ తల్లి అక్కడి నుంచి మనకి వాయిస్ మెసేజ్ పెడుతుంది చూడండి, ఏ ఇన్‌స్పెక్షన్‌లో వచ్చిన మెచ్చుకోలూ దానికి సరిపోదు.

క్రమశిక్షణ గురించి ఎక్కువ చెప్పను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, అందులో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదంటుంది, మానసికంగా వేధించకూడదని కూడా అంటుంది. మనవాళ్లు మొదటి సగం బాగా గుర్తుపెట్టుకున్నారు, రెండో సగం మర్చిపోయారు. బెత్తం పోయింది, నోరు మిగిలింది. "మీ అన్నా ఇంతే, నువ్వూ ఇంతే" అని అందరిలో అన్న మాట పిల్లాడు సాయంత్రం ఇంటికి మోసుకెళ్తాడు. అల్లరి చేసేవాడి పేరు గది ఈ చివరి నుంచి ఆ చివరికి అరవకండి, అరిస్తే వాడికి ప్రేక్షకులు దొరుకుతారు. పాఠం ఆపకుండా నడుచుకుంటూ వాడి పక్కకి వెళ్లి నిలబడండి, పుస్తకం మీద వేలు పెట్టి చెప్పాల్సింది మెల్లగా చెప్పండి. చాలాసార్లు అంతే చాలు. చాలకపోతే మధ్యాహ్నం భోజనాల దగ్గర విడిగా మాట్లాడండి, వడ్డించే పని వాడికే ఇచ్చినా బాగుంటుంది. ఆకలితో వచ్చినవాళ్లకి అన్నం పెట్టిన మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరే ఇప్పుడు బడి భోజనానికి పెట్టారు కదా, ఆవిడ పేరు చెప్పి పని అప్పగిస్తే ఇక్కడి పిల్లలు కాదనరు.

ఇక ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(కొత్తగా చేరిన ఒక టీచర్: "మేడమ్, నాకు మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గది. మొత్తం ఇరవై ఆరు మంది. ఒకళ్లకి చెబుతుంటే మిగతావాళ్లు గోల. ఏం చేయాలో తెలియట్లేదండి.")

కూర్చోమ్మా. మంచి పని చేశావు, ఎంతమందో ముందే చెప్పావు. (నవ్వులు) గోల అంటే ఏంటో రెండు రోజులు చూడు. పని లేక చేసే గోలా, పని అర్థంకాక చేసే గోలా, పని చేస్తూ మాట్లాడుకునే గోలా? మూడోదైతే వదిలెయ్. మొదటిది ఆపాలంటే, ఒక తరగతికి చెప్పడం మొదలుపెట్టే ముందే మిగతా రెండు తరగతుల చేతుల్లో పని ఉండాలి, అది వాళ్లకి ఇప్పటికే వచ్చిన పని అయ్యుండాలి. కొత్త లెక్కలిచ్చి ఇటు తిరిగావనుకో, రెండు నిమిషాల్లో నీ కొంగు పట్టుకుని లాగుతారు. వచ్చిన ఎక్కాలు, నిన్న చదివిన పాఠం చూసి రాయడం కాకుండా దాంట్లోంచి ఐదు ప్రశ్నలు తయారుచేయడం, అలాంటివి. ఇంకోటి, లెక్కల్లో తరగతి మర్చిపో. తీసివేతలు రానివాళ్లు ఐదులో ఉన్నా మూడులో ఉన్నా ఒక్కచోట కూర్చోబెట్టు, అప్పుడు నీకు మూడు తరగతులు ఉండవు, రెండు గుంపులు ఉంటాయి. ఐదో తరగతివాడికి చిన్నతనంగా ఉంటుంది, కాబట్టి వాడికి చిన్నవాళ్ల పలకలు పోగుచేసి చూసే పని ఒకటి ఇవ్వు. మొత్తం ఒకేసారి మార్చకు. మధ్యాహ్నం మొదటి పీరియడు తిన్నాక నిద్రమొహాలతో ఉంటారు, ఆ ఒక్క పీరియడుతో మొదలుపెట్టు.

(ఇంకొకరు: "ఇంగ్లీషు మీడియం పుస్తకాలు, పిల్లలకి ఒక్క ముక్క అర్థం కావట్లేదు మేడమ్.")

పుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు కదండీ. చాలామంది తెలుగు పేజీ మడిచి పెట్టేస్తున్నారు, ఎవరైనా చూస్తారని భయం. మడవకండి. ముందు తెలుగులో అడగండి, తెలుగులోనే చెప్పనివ్వండి, విషయం అర్థమైందని తేలాక అదే జవాబు ఇంగ్లీషులో రెండు చిన్న వాక్యాలు చేయించండి. రెండూ ఒకేసారి మోయమంటే పిల్ల రెండూ కింద పెట్టేస్తుంది.

టైమయిందంటున్నారు హెచ్‌ఎం గారు. వచ్చే సమావేశానికి తలా ఒక తప్పు లెక్క తీసుకురండి, పిల్లాడి పేరు వద్దు, తరగతి, గదిలో ఎంతమందో మాత్రం వెనక రాయండి. ఆ పీరియడంతా అవే చూద్దాం. మిగతా ప్రశ్నలు భోజనాల దగ్గర అడగండి, పులిహోర చల్లారిపోతోందట.